వికీపీడియాలో రాయడానికి వచ్చే విద్యార్థులను ఎలా ఆదరించాలి?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పటినుంచి ఇప్పటివరకు అందులో నిలకడగా రాసేవారు ఎప్పుడూ కొద్దిమందే. అందువల్ల ఏదైనా కళాశాల నుంచి ఒక తరగతి మొత్తం రాయడానికి వస్తోందని తెలిసినప్పుడు పాత వాడుకరులకు సంతోషంతో పాటు దిగులు కూడా కలుగుతుంది. కొత్త చేతులు దొరుకుతున్నందుకు సంతోషమైతే, వచ్చే నెలంతా వారి పొరపాట్లను సరిదిద్దడంతోనే గడిచిపోతుందేమోనని దిగులు. వికీపీడియాలో కొంత అనుభవం ఉండి, కళాశాలలో శిక్షణ తరగతి నిర్వహించబోతున్న వాడుకరుల కోసం, వారికి తోడుగా నిలిచే అధ్యాపకుల కోసం ఈ మార్గదర్శినిని రాస్తున్నాను. ఇందులోని సూచనలన్నిటికీ ఆధారం ఒక్కటే: విద్యార్థి చేసే మొదటి దిద్దుబాటు చిన్నదై ఉండాలి, అది తొలగింపుకు గురికాకుండా నిలబడాలి, దానిని చూసి ఒక మనిషి ఆ విద్యార్థితో మాట్లాడాలి. ఈ మూడూ జరిగేలా తరగతిని రూపొందించగలిగితే మిగతా నియమాలను విద్యార్థులు నెమ్మదిగా నేర్చుకుంటారు.

ఇలా జరగకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2011లో వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ పుణెలోని కొన్ని కళాశాలల్లో ఇంగ్లీషు వికీపీడియా కోసం ఒక ప్రయోగాత్మక విద్యా కార్యక్రమాన్ని చేపట్టింది. విద్యార్థులు తమ పాఠ్యాంశాలపై వ్యాసాలు రాయాలి, వాటికి మార్కులు ఉంటాయి. రాయవలసిన వారి సంఖ్య చాలా పెద్దది. వారికి దారి చూపవలసిన కళాశాల ప్రతినిధులలో ఎక్కువమంది తామే వికీపీడియాకు కొత్తవారు. పాఠ్యపుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తిరాసిన పాఠ్యం కుప్పలుగా వచ్చిపడింది. దానిని వెతికి తొలగించే భారం ఆ కార్యక్రమంతో ఏ సంబంధమూ లేని స్వచ్ఛంద వాడుకరులపై పడింది. ఆ సంవత్సరం ముగిసేలోపే ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది. అక్కడ విద్యార్థులను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. మొదటి రోజే పూర్తి వ్యాసం రాయమని, దానికి మార్కులు వేస్తామని చెప్పి, పక్కన కూర్చుని చూపించేవారిని ఇవ్వనప్పుడు ఎవరైనా చేతికందిన పుస్తకాన్నే ఆశ్రయిస్తారు.

తరగతికి ముందు

తరగతికి కనీసం రెండు వారాల ముందే రచ్చబండలో (వాడుకరులంతా చర్చించుకునే పేజీలో) ఈ విషయాన్ని తెలియజేయండి. ఏ కళాశాల, ఎంతమంది విద్యార్థులు, ఏయే తేదీలు, ఏ రకమైన పని అనే వివరాలు రాసి, ఆ రోజుల్లో ఇటీవలి మార్పులను గమనించడానికి ఇద్దరు ముగ్గురు వాడుకరులను పేరు పెట్టి అడగండి. ముందే తెలిసిన సముదాయం ఓర్పుగా ఉంటుంది. ఏమీ తెలియకుండా ఒక మధ్యాహ్నం నలభై కొత్త ఖాతాలు ఒక్కసారిగా మార్పులు చేయడం చూసిన నిర్వాహకులకు (పేజీలను తొలగించే, ఖాతాలను నిరోధించే అధికారం ఉన్న వాడుకరులకు) మాత్రం అది దుశ్చర్యలాగా కనిపించే అవకాశం ఉంది.

తరువాత వికీపీడియా పేరుబరిలో (‘వికీపీడియా:’ అని పేరు మొదలయ్యే పేజీల విభాగంలో) ఒక కార్యక్రమ పేజీని సృష్టించి, అందులో విద్యార్థుల వాడుకరి పేర్లకు ఒక పట్టిక, వారు పనిచేయబోయే వ్యాసాలకు మరొక పట్టిక పెట్టండి. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వేరు వ్యాసాన్ని ముందే కేటాయించండి. అందరూ ఒకే వ్యాసాన్ని తెరిచి ఒకేసారి ప్రచురిస్తే దిద్దుబాటు ఘర్షణ జరిగిందన్న హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను మొదటిసారి చూసిన విద్యార్థి తాను ఏదో పాడుచేశానని భయపడతాడు. ప్రోగ్రామ్స్ అండ్ ఈవెంట్స్ డాష్‌బోర్డ్ అనే వికీమీడియా సైటులో కార్యక్రమాన్ని నమోదు చేసుకుంటే ఎవరు ఏ పేజీలో ఏమి మార్చారో ఒకేచోట చూడవచ్చు.

సహాయకుల సంఖ్య గురించి రాజీపడవద్దు. పదిమంది విద్యార్థులకు ఒక అనుభవజ్ఞుడు చొప్పున తరగతి గదిలో లేకపోతే, సహాయకులను పెంచడానికి బదులు విద్యార్థులను తగ్గించుకోవడమే మంచిది. కళాశాల యాజమాన్యాలు పెద్ద సంఖ్యలను కోరుతాయి, వారి నివేదికలకు అవి అవసరం కావచ్చు. అయినా సెమినారు హాలులో రెండు వందల మందికి ఇచ్చే ఉపన్యాసం వేరు, ఇరవై మందికి కంప్యూటరు ముందు ఇచ్చే శిక్షణ వేరు అని వారికి మర్యాదగా, గట్టిగా చెప్పండి.

ఖాతాలు

తరగతి రోజున అన్నిటికంటే ముందు ఎదురయ్యే అడ్డంకి ఇదే కాబట్టి దీనిని వివరంగా చెబుతాను. ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి 24 గంటల్లో ఆరు ఖాతాలకు మించి సృష్టించడానికి వికీమీడియా సాఫ్ట్‌వేరు అనుమతించదు. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నీ సాధారణంగా ఒకే చిరునామాతో బయటికి కనిపిస్తాయి కనుక ఏడవ విద్యార్థి దగ్గర పని ఆగిపోతుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. విద్యార్థులు ముందురోజే ఇంటినుంచో, తమ ఫోను నుంచో ఖాతా తెరుచుకుని రావడం అన్నిటికంటే తేలిక. అది కుదరనప్పుడు నిర్వాహక హక్కో, ఖాతాలు సృష్టించే ప్రత్యేక హక్కో ఉన్న వాడుకరి తరగతిలో కూర్చుని విద్యార్థుల ఈమెయిలు చిరునామాలతో ఖాతాలు తెరిచి ఇవ్వవచ్చు. తరగతి పెద్దదైతే, కళాశాల ఐపీ చిరునామాను కనుక్కుని, ఆ రోజుకు ఈ పరిమితిని సడలించమని వికీమీడియా సాంకేతిక బృందానికి ఫ్యాబ్రికేటర్‌లో (ఆ బృందం అభ్యర్థనలు తీసుకునే సైటులో) ముందుగానే అభ్యర్థన పెట్టాలి.

వాడుకరి పేరును ఎంచుకునేటప్పుడు విద్యార్థులకు రెండు విషయాలు చెప్పండి. అసలు పేరు పెట్టుకోవలసిన అవసరం ఏమీ లేదు, ముఖ్యంగా విద్యార్థినులు తమ గుర్తింపు బయటపడకూడదని కోరుకుంటే అది వారి హక్కు. అలాగే కళాశాల పేరునో, బృందం పేరునో వాడుకరి పేరుగా పెట్టుకుని పదిమంది ఒకే ఖాతాను పంచుకోకూడదు. ఒక ఖాతా వెనుక ఒక మనిషే ఉండాలి. ఫోను నంబరు, పుట్టిన తేదీ, హాస్టలు చిరునామా వంటివి వాడుకరి పేజీలో రాయవద్దని గట్టిగా చెప్పండి. ఒకసారి ప్రచురించిన సమాచారాన్ని చెరిపివేసినా అది పేజీ చరిత్రలో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఎవరైనా పొరపాటున అలా రాస్తే వెంటనే ఒక నిర్వాహకుడికి చెప్పి ఆ కూర్పును దాయించాలి, దాని గురించి రచ్చబండలో బహిరంగంగా ప్రస్తావించకూడదు. శిక్షణ తరగతి ఫోటోలను కామన్స్‌లోకి (వికీమీడియా ఉచిత ఫోటోల భాండారంలోకి) ఎక్కించే ముందు అందులో కనిపించే విద్యార్థులందరి అంగీకారం తీసుకోవడం కూడా ఇదే జాగ్రత్తలో భాగం.

ఈమెయిలు చిరునామాను ఖాతాకు జతచేసి, దానిని నిర్ధారించుకునేలా చూడండి. వారం తరువాత సంకేతపదం మరచిపోయిన విద్యార్థికి ఈమెయిలు లేకపోతే ఆ ఖాతా తిరిగి దక్కదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ప్రయోగశాల కంప్యూటరు నుంచి లేచేటప్పుడు లాగౌట్ అవడం కూడా ఈ తరగతిలోనే అలవాటు చేయాలి.

తెలుగులో టైపు చేయడం

దీనికి ఎక్కువ సమయం కేటాయించనవసరం లేదు. ఫోనులో తెలుగు కీబోర్డు చాలామందికి అలవాటే. కంప్యూటరులో వికీపీడియా దిద్దుబాటు పెట్టెలోనే భాషా ఉపకరణం ఉంటుంది, కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే అది తెలుగుకు, ఇంగ్లీషుకు మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ పద్ధతిలో చిన్న అక్షరాలతో త, న, ల వస్తాయని, పెద్ద అక్షరాలతో ట, ణ, ళ వస్తాయని చెప్పి, తమ ఊరి పేరును పదిసార్లు రాయించండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెలిసినవారిని అందులోనే కొనసాగనివ్వండి.

మొదటి దిద్దుబాటు

మొదటి దిద్దుబాటుగా కొత్త వ్యాసం రాయించకండి. ఈ ఒక్క విషయంలో నేను ఏ మినహాయింపునూ సిఫారసు చేయను. ప్రతి విద్యార్థికీ ఒక ఊరు ఉంటుంది, తెలుగు వికీపీడియాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని గ్రామాలకు వ్యాసాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు 2011 జనాభా లెక్కల నుంచి తీసుకున్న గణాంకాలతో నిండి ఉన్నాయి. ఆ తరువాత రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాల సరిహద్దులు మారాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరడంతో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ములుగునే తీసుకోండి: 2016 వరకు వరంగల్ జిల్లాలో, అక్కడినుంచి 2019 వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, ఆపైన తన పేరుతోనే ఏర్పడిన జిల్లాలో ఉంది. ఆ ప్రాంతపు గ్రామాల వ్యాసాలలో మొదటి వాక్యం, సమాచార పెట్టె (ముఖ్య వివరాల పట్టిక), దూరాల వివరాలు, వర్గం (ఒకే రకం వ్యాసాలను కలిపే విభాగం) అన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడడం విద్యార్థి స్వయంగా చేయగలిగిన పని.

కాబట్టి విద్యార్థిని తన ఊరి వ్యాసం తెరిచి, మండలం, జిల్లా పేర్లు ఇప్పటివేనా అని చూడమనండి. తప్పు కనిపిస్తే సరిచేయమనండి. కనిపించకపోతే ఒక అక్షరదోషాన్నో, విరిగిన వాక్యాన్నో దిద్దమనండి, లేదా పక్క ఊరి పేరుకు వికీలింకు (ఆ ఊరి వ్యాసానికి తీసుకువెళ్ళే లంకె) ఇవ్వమనండి. ప్రచురించే ముందు సారాంశం పెట్టెలో తాను మార్చినదేమిటో ఒక్క వాక్యం రాయించండి. ప్రచురించాక చరిత్ర పేజీని తెరిచి, తన పేరు పక్కన ఆ మార్పును చూపించండి. తన ఊరి గురించి ప్రపంచమంతా చదివే పేజీని తాను మార్చగలిగానన్న నమ్మకం ఆ క్షణంలో కలుగుతుంది, ఎంత గొప్ప ఉపన్యాసమైనా ఆ నమ్మకాన్ని ఇవ్వలేదు.

ఊరి వ్యాసంలో కొన్ని ఆకర్షణలు కూడా ఉంటాయి, వాటిని ముందే చెప్పడం మంచిది. ప్రస్తుత సర్పంచి గురించి పొగడ్తలు, తమ కుటుంబంలోని ప్రముఖుల జాబితా, గుడి గురించి విన్న కథలను చరిత్రగా రాయడం, దుకాణాల ఫోను నంబర్లు చేర్చడం తరచుగా జరుగుతాయి. వీటిని నిషేధాల పట్టికగా చదివి వినిపించకుండా, ‘ఈ మాట ఏ పుస్తకంలో, ఏ ప్రభుత్వ పత్రంలో ఉంది?’ అని అడగడం నేర్పండి. వికీపీడియా కోరే ఆధారం ఏమిటో ఆ ప్రశ్నలోనే విద్యార్థికి అర్థమవుతుంది. అమ్మమ్మ చెప్పిన కథ విలువైనదే, కానీ అచ్చయిన ఆధారం దొరికేవరకు అది వ్యాసంలోకి రాదు.

ఊరి బడి, చెరువు, రైల్వే స్టేషను ఫోటోలు తమ ఫోనుతో తాము తీసినవైతే కామన్స్‌లోకి ఎక్కించవచ్చు. వాట్సాప్‌లో వచ్చినవి, గూగుల్‌లో దొరికినవి పనికిరావు. కూడలిలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఫోటో తీయడానికి మన కాపీహక్కు చట్టం అనుమతిస్తుంది. సినిమా పోస్టరును, ఫ్లెక్సీని ఫోటో తీస్తే మాత్రం అందులోని బొమ్మ ఇంకొకరి సొత్తే.

రాయడానికి ఇంకా జంకే విద్యార్థులు ఉంటే వికీసోర్స్ చూపించండి. అక్కడ పాత పుస్తకాల స్కాను పేజీని ఒకవైపు చూస్తూ మరోవైపు ఉన్న పాఠ్యాన్ని అక్షరం అక్షరం సరిచూడడమే పని. సరిచూడని పేజీ ఎరుపులో, ఒకరు సరిచూసినది పసుపులో, రెండవ వ్యక్తి కూడా ఆమోదించినది ఆకుపచ్చలో కనిపిస్తాయి. ఏమి రాయాలన్న బెంగ లేకుండా తెలుగు టైపింగు, శ్రద్ధ రెండూ అక్కడ అలవడతాయి.

ఆధారాలు, ఎత్తిరాత

శిక్షణలో రెండవ, మూడవ తరగతులను దీనికే కేటాయించాలి. మూలం పేరు కింద రాసినంత మాత్రాన ఎత్తిరాయడం సక్రమం కాదని చాలామంది విద్యార్థులకు తెలియదు, ఎందుకంటే వారి అసైన్‌మెంట్లలో ఎవరూ దానిని తప్పుపట్టి ఉండరు. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు సాధారణంగా కాపీహక్కు ఉంటుందని, దినపత్రికలోని వార్తకు, పాఠ్యపుస్తకానికి కూడా అది వర్తిస్తుందని చెప్పండి. తరువాత ఒక అభ్యాసం చేయించండి: గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలో ఒక పేరా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రెండు వాక్యాల్లో తమ మాటల్లో రాసి, మళ్ళీ పుస్తకం తెరిచి సంఖ్యలు, పేర్లు సరిచూసుకోవాలి. పుస్తకం తెరిచి ఉంచి మాటలు మార్చుకుంటూ పోయిన పాఠ్యం మూలానికి చాలా దగ్గరగా ఉండిపోతుంది, అదీ ఎత్తిరాతే.

యంత్రానువాదం, కృత్రిమ మేధ ఇచ్చిన పాఠ్యం ఇప్పుడు ఇంతకంటే పెద్ద సమస్య. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంతో తెలుగులోకి తెచ్చుకుని, చదవకుండానే ప్రచురించే విద్యార్థి ఆ వ్యాసాన్ని తనదిగా భావించడు, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పలేడు. కృత్రిమ మేధ సాధనాలైతే లేని పుస్తకాలను, లేని పేజీ సంఖ్యలను కూడా మూలాలుగా చూపించగలవు. నిషేధిస్తున్నామని ప్రకటించి ఊరుకోవడం కంటే, ప్రతి విద్యార్థితోనూ తాను ఇచ్చిన మూలాన్ని మీ ఎదుట తెరిపించి, తాను రాసిన వాక్యం అందులో ఎక్కడుందో చూపించమనడం ఎంతో మేలు. ఒక్కసారి అలా చేస్తే తరగతి మొత్తానికి విషయం బోధపడుతుంది.

ఒక చిన్న సాంకేతిక విషయం: కొత్త ఖాతాతో మూలంగా వెబ్ లింకు చేర్చినప్పుడు క్యాప్చా (రాస్తున్నది మనిషేనని నిర్ధారించే చిన్న పరీక్ష) వస్తుంది, దానిని నింపేవరకు మార్పు ప్రచురితం కాదు. అంతా రాసి, ఆ పెట్టెను గమనించకుండా కంప్యూటరు కట్టేసి వెళ్ళిపోయే విద్యార్థులు ఉంటారు కనుక ముందే చూపించండి.

చర్చాపేజీలో పలకరింపు

ఈ పని మీదే నాకు ఎక్కువ పట్టింపు. కొత్త వాడుకరి చర్చాపేజీలో (ఆ వాడుకరికి ఇతరులు సందేశాలు రాసే పేజీలో) స్వాగతం మూస (ముందే తయారుగా ఉన్న సందేశం) పెట్టడం మంచి సంప్రదాయమే, అందులో ఉపయోగపడే లింకులున్నాయి. కానీ నలభై మందికి ఒకే మూస పడినప్పుడు అది ఎవరినీ పలకరించినట్లు కాదు. మూస కింద మీ చేత్తో రెండు వాక్యాలు రాయండి, అవి ఆ విద్యార్థి చేసిన పనిని గురించే ఉండాలి. ఉదాహరణకు: ‘మీ గ్రామం వ్యాసంలో జిల్లా పేరు సరిచేశారు, ధన్యవాదాలు. సమాచార పెట్టెలో ఇంకా పాత జిల్లాయే ఉంది, వీలైతే అది కూడా చూడగలరా?’ ఇందులో మెచ్చుకోలు ఉంది, తరువాత చేయవలసిన పని ఉంది, ఆ పని చిన్నదిగా ఉంది.

తెలుగు వికీపీడియాలో వయసుతో, హోదాతో సంబంధం లేకుండా అందరినీ ‘గారు’ అని పిలుచుకునే అలవాటు ఉంది, విద్యార్థుల విషయంలో దానిని వదలకండి. తరగతి గదిలో ‘నువ్వు’ అని పిలిచే అధ్యాపకుడు కూడా వికీలో అదే విద్యార్థిని ‘మీరు’ అని సంబోధించాలి. అక్కడ ఇద్దరూ సమానమైన వాడుకరులు. ఇదే సందర్భంలో, వ్యాసంలో మాత్రం ఎవరి పేరుకూ ‘గారు’, ‘శ్రీ’ చేర్చకూడదని విద్యార్థులకు చెప్పవలసి ఉంటుంది. లేకపోతే తాము ఎంతో మర్యాదగా చేర్చిన గౌరవవాచకాలను ఎవరో తీసేశారని నొచ్చుకుంటారు.

మీరు రాసిన సందేశం విద్యార్థికి చేరిందో లేదో కూడా చూసుకోవాలి. పైన ఉండే గంట గుర్తును నొక్కితే సందేశాలు కనిపిస్తాయని తరగతిలోనే చూపించండి, అభిరుచులలో (ఖాతా అమరికల పేజీలో) ఈమెయిలు సూచనలను ఆన్ చేయించండి. మీరు అక్కడికక్కడే ఒక సందేశం రాసి, దానికి సమాధానం ఇప్పించి, సంతకం ఎలా పడుతుందో చూపిస్తే ఆ విద్యకు మరో తరగతి అవసరం ఉండదు. బదులు రాలేదు కాబట్టి ఆ విద్యార్థి మొండివాడని అనుకోకండి. చాలా సందర్భాల్లో సందేశం వచ్చిందన్న సంగతే వారికి తెలియదు.

పొరపాటు జరిగినప్పుడు

విద్యార్థి మార్పును రద్దు చేయవలసి వస్తే సారాంశం ఖాళీగా వదలకండి. ‘మూలం లేదు, పుస్తకం పేరు, పేజీ చేర్చి మళ్ళీ రాయగలరు’ అన్న ఒక్క వాక్యం ఆ రద్దును పాఠంగా మారుస్తుంది. కొత్త వ్యాసం మొలకగా (చాలా చిన్నదిగా), మూలాలు లేకుండా ఉంటే వెంటనే తొలగింపు మూస అంటించడానికి బదులు దానిని ఆ విద్యార్థి వాడుకరి ఉపపేజీకి (వాడుకరి పేజీ కింద ఉండే చిత్తు పేజీకి) తరలించి, ఎందుకు తరలించారో, తిరిగి తేవడానికి ఏమి కావాలో చర్చాపేజీలో రాయండి. కాపీహక్కు ఉల్లంఘనలో మాత్రం ఉదాసీనత వద్దు. పాఠ్యాన్ని ఆ రోజే తొలగించాలి. తొలగించిన తరువాత విద్యార్థిని పదిమందిలో నిలదీయకుండా విడిగా కూర్చోబెట్టి, మూలాన్ని, తాను రాసినదానిని పక్కపక్కన పెట్టి చూపించాలి. మళ్ళీ మళ్ళీ అదే చేస్తే నిరోధం తప్పదని కూడా అప్పుడే స్పష్టంగా చెప్పాలి.

మార్కులు

వీలైతే మార్కులు వద్దు. విశ్వవిద్యాలయ నియమాల ప్రకారం తప్పనిసరైతే, చేర్చిన బైట్ల సంఖ్యను, సృష్టించిన వ్యాసాల సంఖ్యను కొలమానంగా పెట్టవద్దు. సంఖ్యకు మార్కులు వేస్తే యంత్రానువాదాలే వస్తాయి. అధ్యాపకుడు విద్యార్థి మార్పుల జాబితా తెరిచి, ఏదైనా ఒక దిద్దుబాటును ఎంచుకుని, దానికి ముందు, తరువాత పాఠ్యాన్ని పోల్చి, ఎందుకు మార్చావని, ఏ ఆధారంతో మార్చావని మౌఖికంగా అడిగి మార్కులు వేయవచ్చు. విద్యార్థి రాసినదానిని తరువాత మరొకరు మార్చారన్న కారణంగా మార్కులు తగ్గించకూడదని, అది ఇక్కడ సహజమని అధ్యాపకులకు ముందే వివరించండి.

కార్యక్రమం ముగిశాక

సెమిస్టరు పరీక్షలు మొదలవగానే అందరూ కనిపించకుండా పోతారు, దానికి నొచ్చుకోవలసిన పని లేదు. సెలవుల తరువాత తమంతట తాముగా తిరిగి వచ్చి ఒక్క దిద్దుబాటు చేసినవారు ఎవరో డాష్‌బోర్డులో, మార్పుల జాబితాలలో వెతికి చూడండి. నలభై మందిలో ఇద్దరే కనబడినా వారికోసం మీ సమయాన్ని కేటాయించండి: వారికి నచ్చిన విషయం అడిగి తెలుసుకోండి, ఆ విషయంపై రాసే పాత వాడుకరిని పరిచయం చేయండి, మరుసటి సంవత్సరం తరగతిలో సహాయకులుగా రమ్మని ఆహ్వానించండి. తమ కళాశాలలోనే చదివే అక్కో, అన్నో పక్కన కూర్చుని చూపిస్తే కొత్త విద్యార్థులు అడగడానికి సంకోచించరు.

సగంలో ఆగిపోయిన వ్యాసాల సంగతి కూడా అప్పుడే చూడాలి. కార్యక్రమ పేజీలోని పట్టికలో ప్రతి వ్యాసం ఎదురుగా దాని స్థితి రాసి, మూలాలు సరిపోయిన వాటిని వ్యాసంగా ఉంచి, మిగిలినవాటిని వాడుకరి ఉపపేజీలలో పెట్టండి. అలా తరలించే ముందు ఆయా విద్యార్థుల చర్చాపేజీలో ఒక మాట రాసి, వారం రోజులు గడువు ఇవ్వండి. గడువు ముగిశాక ఆ జాబితాను రచ్చబండలో పెడితే, ఆసక్తి ఉన్నవారు ఎవరైనా వాటిని అందుకుని పూర్తిచేయవచ్చు.